వాక్ శ్రవణ చికిత్సకుల వృత్త్యర్హత, నమోదు విధానము

వినికిడిలోని లోపమును కొలిచి, దాని స్వభావమును నిర్ణయించి, తగిన శ్రవణయంత్రమును అమర్చువానిని ఆడియాలజిస్టు అనియు, నత్తి, ముద్దమాట, పక్షవాతానంతరము కలుగు వాఙ్నష్టము, కంఠస్వర వికారములు, మ్రింగుటలోని యిబ్బంది మున్నగువానిని పరీక్షించి చికిత్స చేయువానిని స్పీచ్ థెరపిస్టు అనియు లోకము వ్యవహరించుచున్నది. భారతదేశమున ఈ రెండు విద్యలును ఒకే పట్టములో జతగా బోధింపబడుచుండుటచే, సామాన్యముగా ఒకే వ్యక్తి ఉభయ వృత్తులను నిర్వహించుటయు కలదు. ఇట్టి వృత్తిని చేపట్టుటకు అనుమతి ఎవరియొద్దనుండి, ఏ నియమములకు లోబడి లభించునన్నది ఈ వ్యాసమునకు విషయము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ అనుమతిని ఏ రాష్ట్రమునకారాష్ట్రమే ఒసగుచుండగా, తెలంగాణమునగాని ఆంధ్రప్రదేశమునగాని రాష్ట్రప్రభుత్వ మిచ్చు లైసెన్సన్నది లేనే లేదు. సికింద్రాబాదులో చికిత్సాలయము తెరచు స్పీచ్ థెరపిస్టు పేరు ఢిల్లీలో నున్న ఒకే యొక పట్టికలో నెక్కియుండవలయును. ఆ పట్టికలో నెక్కిన పేరునకు కన్యాకుమారి మొదలు కాశ్మీరమువరకు ఎచ్చటనైనను చెల్లుబడి కలదు.

ఇది కొంత విపరీతముగా తోచుట సహజము. అదే వీధిలోని వైద్యుడు తన పేరును రాష్ట్ర వైద్యమండలిలోను, న్యాయవాది రాష్ట్ర బార్ కౌన్సిలులోను నమోదు చేయించుకొనుచున్నారు. రాజ్యాంగపు సప్తమానుసూచిలోని ఉమ్మడి జాబితాయందు ఇరువదియారవ అంశముగా న్యాయ, వైద్య, ఇతర వృత్తులు చేర్పబడియుండుటచే, కేంద్రమును రాష్ట్రములును ఈ విషయమున శాసనములు చేయవచ్చును. అయినను వాక్ శ్రవణ వృత్తుల విషయమున పార్లమెంటు 1992లో రాష్ట్ర శాఖలు లేని ఏకైక మండలిని కల్పించినది. ఆనాటికి ఈ విద్య నేర్పు సంస్థలు దేశమంతటిలో వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే యుండుటయు, వికలాంగుల పునరావాసము సంక్షేమశాఖ క్రింద నుండి ఆరోగ్యశాఖ క్రింద లేకుండుటయు ఇందులకు కారణములై యుండునని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

ఈ విద్య మన దేశమున వేరూనినది ఇటీవలనే. 1965లో మైసూరునందు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ స్థాపితమైనది. మానసగంగోత్రిలోని దాని ప్రాంగణమునకు 1966లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ శంకుస్థాపన గావించెను. ఇంచుమించుగా ఆ కాలముననే బొంబాయిలోని నాయర్ ఆసుపత్రికి చెందిన వైద్యకళాశాలయందును పట్టపు తరగతి ఆరంభమైనది. వృత్తిలోనివా రందరును కూడి భారత వాక్ శ్రవణ సంఘమును 1966లో నెలకొల్పుకొనిరి. అయినను ఆ సంఘమున సభ్యత్వము గౌరవమే గాని శాసనబద్ధమైన అధికారము కాదు. పట్టము లేనివాడు బోర్డు కట్టుకొని కూర్చున్నను అడ్డగింపగల చట్టము 1992 వరకు లేకుండెను.

సికింద్రాబాదు ఈ చరిత్రలో ప్రవేశించినది 1977లో. ఆ సంవత్సరమున పి. హనుమంతరావు స్థాపించిన స్వీకార్ పునరావాస సంస్థ నేడు జూబిలీ బస్ స్టేషను ప్రక్కనున్న తన ప్రాంగణమున చికిత్సతోపాటు ఉస్మానియా విశ్వవిద్యాలయానుబంధముతో వాక్ శ్రవణ విద్యను కూడ నేర్పుచున్నది. ఆ తరువాత 1984లో బోయినపల్లి చెంత, నేడు మనోవికాసనగరమని పిలువబడు స్థలమున, మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలసినది. బుద్ధిమాంద్యము గల బాలలలో మాట ఆలస్యమగుట అత్యంత సాధారణమగుటచే ఆ సంస్థలోను స్పీచ్ థెరపీకి ప్రత్యేక స్థాన మేర్పడినది. ఇక బొంబాయిలోని బాంద్రాయందు 1983లో స్థాపింపబడిన శ్రవణ వికలాంగుల జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టబడినది. ఈయన హైదరాబాదు రాజ్యమునకు చెందినవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియై, పిమ్మట రాయబారియై, మహారాష్ట్ర గవర్నరుగా నుండగా 1976లో దివంగతుడైనవాడు. ఆయన పేరిటి సంస్థకు దక్షిణ ప్రాంతీయ కేంద్రము మరల సికింద్రాబాదుననే, మనోవికాసనగర ప్రాంగణముననే నెలకొనుట యాదృచ్ఛికమే గావచ్చును గాని సముచితముగా నున్నది. ఈ విధముగ నొక కంటోన్మెంటు పట్టణమున బోధన, చికిత్స, పరీక్ష యను మూడును సమకూడినవి. తెలుగు జిల్లాలలో వినికిడి లోపము గల బిడ్డను కన్నవారు "సికింద్రాబాదు తీసుకుపోయి చూపించండి" యను మాటను పలుమారు విందురు.

చట్టమునకు పూర్వరంగము 1986లో కలదు. ఆ సంవత్సరమున భారత పునరావాస మండలి కేవలము సొసైటీగా రిజిస్టరయ్యెను. దాని నియమములకు శాసనబలము లేకపోవుటచే, 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టమును చేసినది. 1993 జూన్ 22న మండలి శాసనబద్ధ సంస్థయైనది. 2000లో చట్టము సవరింపబడినది. వృత్తిలోనివారు దీనిని ఆంగ్ల నామపు తొలి యక్షరములతో ఆర్.సి.ఐ. అనియే పిలుతురు, "మీ ఆర్.సి.ఐ. నంబరెంత?" యని యడుగుట వారిలో నొకరిని నొకరు గుర్తించు పద్ధతి. ఈ చట్టపు పరిధిలోనికి వచ్చు వృత్తులు పదునారు. ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, శ్రవణయంత్రముల అచ్చులు తయారుచేయు టెక్నీషియన్లు, క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేకోపాధ్యాయులు, కృత్రిమాంగములు కట్టువారు మున్నగువా రందరును ఒకే కప్పు క్రిందికి తేబడిరి.

మండలి చేయు పని స్థూలముగా రెండు విధములు. మొదటిది విద్యాసంస్థలను పరీక్షించి, వాటి పాఠ్యక్రమమునకును, ఉపాధ్యాయుల సంఖ్యకును, పరీక్షాయంత్రములకును కనీస ప్రమాణములను విధించి, గుర్తింపు నిచ్చుట. రెండవది అట్టి సంస్థలనుండి ఉత్తీర్ణులైనవారి పేళ్ళను కేంద్ర పునరావాస పట్టికలో నెక్కించుట. ఈ రెంటికిని గల సంబంధమును విద్యార్థులు చేరుటకు ముందే గ్రహింపవలయును. ఏలనన గుర్తింపు లేని సంస్థయందు నాలుగేండ్లు చదివినను, పట్టము విశ్వవిద్యాలయ ముద్రతోనే యున్నను, పట్టికలో చోటు దొరకదు. పట్టికలో చోటు లేనివానికి వృత్తియు లేదు.

వృత్తికి ప్రవేశద్వారమైన పట్టపు తరగతిని జనులు బి.ఏ.ఎస్.ఎల్.పి. యందురు. ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన శాస్త్రములతోపాటు జీవశాస్త్రమో గణితమో చదివినవా రిందులకు అర్హులు. చదువు నాలుగేండ్లు, అందు చివరి యేడు ఇంటర్న్‌షిప్, అనగా ఆసుపత్రులలోను పునరావాస కేంద్రములలోను గురువుల పర్యవేక్షణమున రోగులను స్వయముగా చూచు కాలము. ఈ పట్టముతోడనే ఉభయ వృత్తులను చేయవచ్చును. అటుపిమ్మట రెండేండ్ల యెమ్.ఎస్‌సి.లో ఆడియాలజీయో వాగ్భాషా చికిత్సయో ఏదో యొకదానిని ఎన్నుకొని ప్రావీణ్యము గడింతురు. ఇది గాక ఇంటర్మీడియటు తరువాత ఒక్క యేడాదిలో ముగియు డిప్లమా యొకటి కలదు. ఆ డిప్లమా వారు పట్టభద్రుల పర్యవేక్షణలో సహాయకులుగా పనిచేయుటకే గాని, స్వతంత్రముగా రోగనిర్ణయము చేయుటకు ఉద్దేశింపబడలేదు. ఆచరణలో ఈ గీత చెరిగిపోవుచున్న చోట్లు గలవు. చిన్న పట్టణములలో పట్టభద్రుడు దొరకనప్పుడు డిప్లమా వ్యక్తియే సర్వమై కూర్చుండుటయు, ఆతనిని తప్పుపట్టవలెనో, ఆతడైన నున్నాడని సంతసింపవలెనో తేల్చుకొనలేకపోవుటయు అందరి యనుభవమందున్నవే.

ఉత్తీర్ణుడైన పిమ్మట పట్టపు పత్రములను, గుర్తింపు పత్రములను జతపరచి మండలికి దరఖాస్తు పెట్టుకొనవలయును. సభ్య కార్యదర్శి అధీనమునందుండు పట్టికలో పేరు చేరి నంబరు వచ్చినంతనే అనుమతి లభించినట్లు. ఇది శాశ్వతము కాదు. ఐదేండ్ల కొకమారు నవీకరింపవలయును. అందులకై ఆ ఐదేండ్లలో మండలి గుర్తించిన సదస్సులకును, శిక్షణ తరగతులకును హాజరై పాయింట్లు కూడబెట్టవలయును. వృత్తిధర్మమునకు భంగము కలిగించిన వాని పేరును, తన వాదమును చెప్పుకొను అవకాశ మిచ్చిన తరువాత, పట్టికనుండి తొలగించు అధికారము మండలికి కలదు. అట్లు తొలగింపబడినవాడు కేంద్రప్రభుత్వమునకు అప్పీలు చేసికొనవచ్చును.

చట్టమునకు ప్రాణమనదగినది దాని పదుమూడవ విభాగము. గుర్తింపబడిన యర్హత కలిగి పట్టికలో నెక్కినవానికి దక్క మరెవ్వరికిని నాలుగు హక్కులు లేవని యది శాసించుచున్నది. ప్రభుత్వమునగాని స్థానిక సంస్థలయందుగాని ఆ వృత్తికి సంబంధించిన పదవిని వహించు హక్కు మొదటిది. దేశమున నెచ్చటనైనను ఆ వృత్తిని చేయు హక్కు రెండవది. చట్టము కోరు ధ్రువపత్రములపై సంతకము చేయు హక్కు మూడవది. న్యాయస్థానమున నిపుణుడుగా సాక్ష్య మిచ్చు హక్కు నాలుగవది. ఈ నియమమును మీరినవానికి ఒక సంవత్సరమునకు మించని కారాగారమో, వేయి రూపాయలకు మించని జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఒక మోస్తరు చెవి మిషను ధర అంతకెన్నో రెట్లుండగా, వేయి రూపాయల జరిమానాకు వెరచువాడు అరుదు. పైగా మండలిచే అధికారము పొందినవారు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసిననే గాని న్యాయస్థానము ఈ నేరమును విచారణకు చేపట్టరాదు. మోసపోయిన తండ్రి ఠాణాకు పోయి కేసు పెట్టుటతో ఈ చట్టపు చక్రము కదలదు, ఢిల్లీనుండి కదలవలయును. శాసనము కఠినముగ నుండియు అమలు మందముగ నుండుటకు మూలము ఇచ్చటనే యున్నదని చెప్పవచ్చును.

దీనికి తోడు శ్రవణయంత్రముల విక్రయము మరియొక చిక్కు. 2017 నాటి వైద్యోపకరణ నియమములును, 2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన ప్రకటనయు సకల వైద్యోపకరణములతోపాటు ఈ యంత్రములను కూడ ఔషధ నియంత్రణాధికారుల పరిధిలోనికి తెచ్చినవి. ఆ నియమములు వస్తువు నాణ్యతను చూచును. ఆ వస్తువును చెవిలో నమర్చువాని యర్హతను చూచునది పునరావాస మండలి చట్టము. అంగడిలో పెట్టెనుండి తీసి యిచ్చు యంత్రమునకును, ఆడియోగ్రామును చూచి, యే శ్రుతిలో ఎంత వినికిడి తగ్గెనో యంతకే ధ్వనిని పెంచునట్లు కూర్చిన యంత్రమునకును గల యంతరమును కొనువారు గుర్తింపకుండుటచే రెండు నియంత్రణల నడుమ ఈ సందు మిగిలియున్నది.

అర్హుడైనవాని పరీక్ష యెట్లుండునో కొంచెము చూచిన ఈ నమోదు ఎందులకో బోధపడును. రోగిని ధ్వని చొరని గదిలో కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించి, చేతికి బొత్తాము నిత్తురు. 250 హెర్ట్‌జులనుండి 8000 హెర్ట్‌జులవరకు ఒక్కొక్క శ్రుతిని వినిపింతురు. విన్నానని రోగి బొత్తాము నొక్కినంతనే పది డెసిబెల్లులు తగ్గింతురు, నొక్కకున్న ఐదు పెంతురు, ఈ విధముగ వినబడు కనిష్ఠ స్థాయిని పట్టుకొందురు. కుడిచెవికి ఎఱ్ఱని సున్నలును ఎడమచెవికి నీలపు గుణకారపు గుర్తులును కాగితముపై వరుసగా దిగును. మాట వరుసకు తేలికగ నుండు ఈ పనిలో నేర్పు కావలసినది అబద్ధమును పసికట్టు చోట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము రెండు చెవులలోను వాక్ శ్రుతులయందు డెబ్బది డెసిబెల్లుల లోపమున్నవారు బధిరులు. అరువది నుండి డెబ్బది వరకు ఉన్నవారు మందశ్రవణులు. మంచిచెవి శాతమును ఐదింట గుణించి, చెడ్డచెవి శాతమును కలిపి, ఆరింట భాగించి వైకల్య శాతమును తేల్చుదురు; అది నలుబదికి చేరిననే రిజర్వేషను మున్నగు ప్రయోజనములు దక్కును. మన రాష్ట్రములలో వైకల్య ధ్రువపత్రమునకై సదరం శిబిరమునకు వచ్చినవారిలో కొందరు బొత్తాము నొక్కుట మాని, విననట్లు నటింతురు. స్వరములకు డెబ్బది డెసిబెల్లుల వరకు పలుకనివాడు మెల్లగా పేరు పిలిచినంత తలత్రిప్పిన, అనుభవజ్ఞుడైన ఆడియాలజిస్టు వెంటనే రెండు ఫలితములను పోల్చి, బేరా వంటి పరీక్షను కోరును. మెదడు కాండమునుండి వెలువడు విద్యుత్ స్పందనను యంత్రమే నమోదు చేయు ఆ పరీక్షలో బొత్తాముతో పనిలేదు. సంతకము చేయు హక్కును చట్టము కొందరికే పరిమితము చేసినది ఇందులకే.

శిశువుల విషయమున పణము మరింత పెద్దది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద తెలుగు రాష్ట్రములలో బధిర శిశువులకు అంతఃకర్ణమున యంత్రము నమర్చు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స జరుగుచున్నది. కేంద్రప్రభుత్వపు వికలాంగ సహాయ పథకము క్రింద ఒక్కొక్క యంత్రమునకు వ్యయపరిమితి నిర్ణయింపబడి, దాని నిర్వహణము అలీ యావర్ జంగ్ సంస్థ చేతిలో నున్నది. శస్త్రచికిత్స కొన్ని గంటలలో ముగియును. వినుట, విన్నదానిని మాటగా మలచుకొనుట నేర్పుటకు నెలలు, సంవత్సరములు పట్టును. ఆ నేర్పు పని స్పీచ్ థెరపిస్టుది. అనర్హుని చేతబడిన బిడ్డకు లక్షల విలువ గల యంత్రము తలపై నున్నను మాట రాదు. పోయిన వయస్సు తిరిగి రాదు.

ఇంతవరకు చెప్పినదానిలో చట్టము విడిచిన లోటొకటి కలదు. కేంద్ర పునరావాస పట్టిక విద్యార్హతను చూచును గాని భాషను చూడదు. కేరళమున చదివినవారు సికింద్రాబాదులోను, ఇచ్చట చదివినవారు పాట్నాలోను చికిత్స చేయవచ్చును. దేశ మంతటికిని చెల్లు నమోదున కిది గుణమే. అయితే ఆడియాలజిస్టు కొలుచు డెసిబెల్లునకు మాతృభాష లేదు. స్పీచ్ థెరపిస్టు దిద్దు మాటకు కలదు. తెలుగున అచ్చు దీర్ఘమైనను, హల్లు ద్విత్వమైనను అర్థమే మారును: కల వేరు, కాల వేరు, కల్ల వేరు. "పాలు" అనవలసిన చోట "పలు" అను బిడ్డ యుచ్చారణలో తప్పున్నదో లేదో తెలుగు వినికిడి లేనివానికి తెలియదు. బోయినపల్లి చికిత్సాలయపు వరండాలో ఒక బెంచీపై తెలుగు తల్లియు, రెండవదానిపై దక్కనీ ఉర్దూ మాటలాడు అమ్మమ్మయు, మూడవదానిపై కంటోన్మెంటు తమిళ కుటుంబమును కూర్చుండుట కద్దు. ఈ ముగ్గురికిని ఒకే వ్యక్తి ఒకే పాఠ్యక్రమపు అభ్యాసములతో చికిత్స చేయవలసివచ్చుచున్నది. పరభాషలలో తయారైన పరీక్షలకు బదులు తెలుగు పదముల జాబితాలు, తెలుగు ఉచ్చారణ పరీక్షలు వెలువడుచున్నను, వాటిని వాడి తీరవలెనను షరతు నమోదులో లేదు. బ్రిటనులో ఈ వృత్తిని నియంత్రించు మండలి విదేశములనుండి వచ్చు ఇతర వృత్తులవారినుండి ఐ.ఈ.ఎల్.టి.ఎస్. అను ఆంగ్లభాషా పరీక్షలో ఏడు మార్కులను కోరుచు, స్పీచ్ థెరపిస్టులనుండి మాత్రము ఎనిమిది కోరుచున్నది. భాష వీరికి సాధనము మాత్రమే కాక చికిత్సింపబడు వస్తువు కూడ నగుటచే ఈ భేదము న్యాయ్యముగ తోచును. మన మండలియు ప్రాంతీయ భాషా ప్రావీణ్యమును, షరతుగా కాకున్నను, పట్టికలో నొక గడిగానైనను చేర్చిన మేలు జరుగును.

అమెరికాలోని విధానము ఇందులకు భిన్నము. అచ్చట ఫ్లారిడా రాష్ట్రము 1969లో తొలుత ఈ వృత్తులకు లైసెన్సు చట్టము చేయగా, క్రమముగా యేబది రాష్ట్రములును అనుసరించినవి. స్పీచ్ థెరపిస్టునకు ఎమ్.ఎస్‌సి. స్థాయి చదువు కనీసము. ఆడియాలజిస్టునకు డాక్టరు పట్టము. స్పీచ్ థెరపిస్టునకు జాతీయ వృత్తిసంఘ మిచ్చు ధ్రువపత్రమునకు చదువుకాలమున 400 గంటల చికిత్సానుభవము, ప్రాక్సిస్ అను వృత్తిపరీక్ష, పిమ్మట కనీసము 36 వారములలో 1260 గంటల పర్యవేక్షిత వృత్తికాలము కావలయును. చాల రాష్ట్రములు తమ లైసెన్సునకు ఇంచుమించుగా ఇవియే కోరును. సికింద్రాబాదులో నాలుగేండ్ల పట్టము ముగించి, ఇచ్చట స్వతంత్రముగా రోగులను చూచిన యువతి డల్లాసునకో న్యూజెర్సీకో కాపురమునకు పోయిన, తన వృత్తి చేయుటకు మరల పైచదువుతో మొదలిడవలసియుండును. ఒక రాష్ట్రపు లైసెన్సు ప్రక్క రాష్ట్రమున చెల్లని యిబ్బందిని తొలగించుటకై ఇటీవల అచ్చటి పెక్కు రాష్ట్రములు పరస్పరాంగీకార మేర్పరచుకొన్నవి. ఈ రాష్ట్రలైసెన్సు విధానపు ప్రభావము మన వీధులకును సోకినది. అమెరికాలో పెరుగుచు తెలుగు మాటలు ఆలస్యమైన బిడ్డకు వీడియోలో చికిత్స చేయుమని ఇచ్చటి థెరపిస్టులను తల్లిదండ్రులు కోరుదురు; కాని సామాన్యముగా రోగి యుండు రాష్ట్రపు లైసెన్సే అచ్చట చెల్లును గాన, ఢిల్లీ పట్టికలోని నంబరు టెక్సాసులో అక్కరకు రాదు.

మన దేశముననే 2021లో మరియొక మార్పు కలిగినది. వైద్యానుబంధ వృత్తుల జాతీయ కమిషను చట్టమును పార్లమెంటు చేసి, ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, లేబొరేటరీ టెక్నీషియన్లు మున్నగువారిని దాని యనుసూచిలో చేర్చి, రాష్ట్ర మండలులకు కూడ ఏర్పాటు గావించినది. వాక్ శ్రవణ వృత్తులు ఆ యనుసూచిలో లేవు. 1992 నాటి చట్టము క్రిందనే నిలిచినవి. కావున పునరావాస కేంద్రమొకదానిలో ఒకే బిడ్డకు నడక నేర్పు ఫిజియోథెరపిస్టు రాష్ట్ర మండలి పరిధిలోనికి వచ్చు ఏర్పాటుండగా, ప్రక్కగదిలో మాట నేర్పు స్పీచ్ థెరపిస్టు ఐదేండ్ల కొకమారు ఢిల్లీకే దరఖాస్తు పంపుచున్నాడు.